ఫ్యాఫ్సా ఒకటే, కాలేజీకో ధర

"మాకెక్కడొస్తుందండీ ఎయిడ్, ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం కదా." అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగువాళ్ల ఇళ్లలో కాలేజీ ఖర్చు మాట ఎత్తగానే వచ్చే జవాబు ఇది. ఎయిడ్ అంటే ఆ ఖర్చుకి ప్రభుత్వం, కాలేజీలు చేసే డబ్బు సాయం. మా ఇంట్లోనూ ఇదే అన్నాం. మా పెద్దవాడు తొమ్మిది కాలేజీల జాబితా రాసుకొచ్చాడు. ఎక్కడ కంప్యూటర్ సైన్స్ బాగుంటుంది, ఎక్కడ చలి ఎక్కువ, ఎక్కడి నుంచి డాలస్‌కి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, అన్నీ కూర్చుని మాట్లాడుకున్నాం. డబ్బు సంగతి మాత్రం సీటొచ్చాక చూసుకుందామని వదిలేశాం. ఏప్రిల్‌లో ఎంత ఎయిడ్ ఇస్తారో చెప్పే ఉత్తరాలొచ్చాయి. వెబ్‌సైట్‌లో దాదాపు ఒకే ఫీజు ఉన్న రెండు కాలేజీలు మమ్మల్ని కట్టమన్న మొత్తాల మధ్య ఏడాదికి ఒక కారు కొనేంత తేడా ఉంది. వాడికి బాగా నచ్చింది ఆ రెంటిలో ఖరీదైనదే. ఆ వారం రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా భోజనం చేయలేదు.

ఇప్పుడు మా అమ్మాయి వంతు. ఈసారి కాలేజీల జాబితా, డబ్బు జాబితా ఒకే కాగితం మీద రాస్తున్నాం. ఎందుకు రాయాలో, ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో, ఫ్యాఫ్సా అనే ఒకే ప్రభుత్వ దరఖాస్తు నింపినా ఒకే కుటుంబానికి ఒక్కో కాలేజీ ఒక్కో లెక్క ఎందుకు చెబుతుందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

ముందు ఒక సంగతి. అమెరికాలో కాలేజీ వెబ్‌సైట్‌లో రాసిన ఫీజు చాలామంది కట్టే ఫీజు కాదు. ప్రైవేటు కాలేజీల్లో అయితే మరీను. ఇంటి ఆదాయం, ఆస్తి చూసి తగ్గించేది ఒక రకం. దాన్ని నీడ్ బేస్డ్ ఎయిడ్ అంటారు. మార్కులు, ప్రతిభ చూసి ఇచ్చేది మెరిట్ స్కాలర్‌షిప్. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్ అసలు ఇవ్వవు. అక్కడ ఉన్నదంతా మొదటి రకమే. పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో వేరే రాష్ట్రం పిల్లలకు ఆదాయం చూసి ఇచ్చేది చాలా తక్కువ, మెరిట్ వస్తే వస్తుంది. అంటే మన పిల్లల జాబితాలో పది పేర్లుంటే, పది రకాల దుకాణాలు ఉన్నట్టే. ఒక దుకాణంలో "మీకు ఎంత తగ్గిస్తాం" అన్న మాటని బట్టి ఇంకో దుకాణంలో ఎంత తగ్గుతుందో ఊహించలేం.

"రాదులెండి" అనుకునేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలి. 2025-26 నుంచి హార్వర్డ్ ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ట్యూషన్ ఫీజు తీసేసింది. లక్ష లోపు వాళ్లకు తిండి, హాస్టల్ కూడా ఉచితం. ఎంఐటీ కూడా, ఆదాయానికి తగ్గ మామూలు ఆస్తులే ఉంటే, 2 లక్షల లోపు వాళ్లకు ట్యూషన్ ఫీజు లేదని ప్రకటించింది. అక్కడ సీటు రావడం ఎంత కష్టమో నాకూ తెలుసు. కానీ సీటొచ్చిన మధ్యతరగతి పిల్లాడికి ఎంఐటీ, సొంత రాష్ట్రం యూనివర్సిటీ కన్నా చవకగా పడే అవకాశం ఉందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఇంకోటి, తెలుగువాళ్లంటే అందరూ ఐటీ జీతాలవాళ్లే కాదు. గ్యాస్ స్టేషన్లలో, గ్రాసరీ షాపుల్లో పనిచేస్తూ పిల్లల్ని చదివించే కుటుంబాలున్నాయి. ఒక్క జీతం మీద నడిచే ఇళ్లున్నాయి. వాళ్ల పిల్లలకు ఫెడరల్ (అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ) పెల్ గ్రాంట్ ఏడాదికి 7,395 డాలర్ల వరకు వస్తుంది. అది తిరిగి కట్టాల్సిన పని లేదు.

ఎవరికి వర్తిస్తుంది?

మన ఇళ్లలో దీనికి సూటి జవాబు ఉండదు. ఫెడరల్ ఎయిడ్‌కి విద్యార్థి అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి ఉండాలి. శరణార్థులు లాంటి ఇంకొన్ని వర్గాలకూ ఉంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల పిల్లలకిచ్చే హెచ్-4 మీద ఉంటే లేదు. తల్లిదండ్రుల వీసా మాత్రం లెక్కలోకి రాదు. అంటే హెచ్-1బీ మీద గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ఇంట్లో, ఇండియాలో పుట్టిన అక్కకి ఫెడరల్ ఎయిడ్ రాదు, ఇక్కడ పుట్టిన తమ్ముడికి వస్తుంది. ఒకే కంచంలో తిన్న పిల్లలు. ఈ మాట ఇంట్లో చెప్పాల్సి రావడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

హెచ్-4 పిల్లలకు దారులు పూర్తిగా మూసుకుపోలేదు. చాలా రాష్ట్రాల్లో నివాస నియమాలు తీరితే సొంత రాష్ట్రం ఫీజే తీసుకుంటారు. మెరిట్ స్కాలర్‌షిప్‌లలో కొన్నింటికి పౌరసత్వం అక్కర్లేదు. ప్రైవేటు కాలేజీలు తమ సొంత డబ్బు ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. కాకపోతే హెచ్-4 విద్యార్థిని చాలా కాలేజీలు అంతర్జాతీయ విద్యార్థిగానే చూస్తాయి, ఎయిడ్ అడిగితే సీటు నిర్ణయంలో అది కూడా చూస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని మాత్రం విదేశీ విద్యార్థులైనా సరే, ఎయిడ్ అడిగారా లేదా అన్నది చూడకుండా సీటిస్తాయి. మరో జాగ్రత్త ఉంది. చాలాచోట్ల అంతర్జాతీయ విద్యార్థి దరఖాస్తు పెట్టేటప్పుడే ఎయిడ్ అడగాలి. "ముందు సీటు రానీ, తర్వాత అడుగుదాం" అంటే నాలుగేళ్లూ అడిగే వీలుండదు. కాబట్టి జాబితాలో ప్రతి కాలేజీకీ ఫోన్ చేసి "హెచ్-4 విద్యార్థిని మీరు ఎలా చూస్తారు?" అని విడివిడిగా అడగాల్సిందే.

ఇరవై కాలేజీలు, ఒకే ఫారం

ఫ్యాఫ్సా అంటే ఫెడరల్ ప్రభుత్వం నడిపే ఉచిత దరఖాస్తు. ఒక్కసారి నింపితే ఆన్‌లైన్‌లో 20 కాలేజీల దాకా పంపొచ్చు. ఇదివరకు 10 ఉండేవి. ప్రతి కాలేజీకీ ఒక కోడ్ ఉంటుంది, పేరుతో వెతికితే వస్తుంది. సీటు వచ్చేదాకా ఆగక్కర్లేదు. దరఖాస్తు పెట్టే ఆలోచన ఉన్న ప్రతి కాలేజీనీ మొదట్లోనే చేర్చేయాలి. తర్వాత వద్దనుకుంటే తీసేయొచ్చు, కొత్తది కలపొచ్చు. తీసేసిన కాలేజీకి ఆ తర్వాత చేసిన సవరణలు వెళ్లవన్నది మాత్రం గుర్తుండాలి.

"మొదట ఏ కాలేజీ రాయాలి? కింద రాస్తే వాళ్లు అలుగుతారా?" ఇది నన్ను చాలామంది అడిగారు. కాలేజీలకు మిగతా జాబితా కనిపించదు. 2016-17 నుంచి ఆ పద్ధతి తీసేశారు. ఫెడరల్ ఎయిడ్‌కి వరస అక్కర్లేదు. కానీ రాష్ట్ర ప్రభుత్వానికి మొత్తం జాబితా వెళుతుంది, కొన్ని రాష్ట్రాలు తమ గ్రాంట్ ఇవ్వడానికి రాష్ట్రంలోని కాలేజీ ముందుండాలని అడుగుతాయి. అందుకని సొంత రాష్ట్రం కాలేజీని మొదట రాసేస్తే ఏ గొడవా ఉండదు.

2023లో కొత్త ఫారం డిసెంబర్ 30 దాకా రాక దేశమంతా తిప్పలు పడింది. ఆ తర్వాత ఏటా అక్టోబర్ 1 కల్లా తెరవాలని చట్టం చేశారు. 2026-27 ఫారం 2025 సెప్టెంబర్ చివర్లోనే వచ్చేసింది. ఆదాయం రెండేళ్ల వెనకటి ట్యాక్స్ రిటర్న్ నుంచి తీసుకుంటారు. అంటే 2026-27కి 2024 రిటర్న్. దాన్ని మనం టైపు చేయక్కర్లేదు, ట్యాక్స్ శాఖ నుంచి నేరుగా వస్తుంది. అందుకు విద్యార్థి, తల్లి లేదా తండ్రి విడివిడిగా ఖాతా తెరిచి ఒప్పుకోలు నొక్కాలి. ఎవరు నొక్కకపోయినా ఫెడరల్ ఎయిడ్ రాదు. భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేస్తే ఒక్కరు నింపితే చాలు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని తల్లిదండ్రులు కూడా ఖాతా తెరవొచ్చు. విడాకులు తీసుకున్నవాళ్లయితే, గత 12 నెలల్లో పిల్లల ఖర్చు ఎవరు ఎక్కువ పెట్టారో వాళ్లు నింపాలి.

మన పేర్ల దగ్గర వచ్చే ఇబ్బంది గురించి ఎవరూ ముందు చెప్పరు. ఇంటిపేరు ముందా వెనకా, పేరు రెండు ముక్కలా ఒకటా, నాన్న పేరు మధ్యలో ఉందా లేదా, ఇవన్నీ పాస్‌పోర్టులో ఒకలా, స్కూల్లో ఒకలా ఉంటాయి. ఫ్యాఫ్సాలో పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. కాలేజీ దరఖాస్తులోనూ అదే పేరు ఉంటే రెండు ఫైళ్లనూ కాలేజీ తేలిగ్గా కలుపుతుంది. మా వాడి పేరు ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి రాయడం వల్ల ఒక కాలేజీలో వాడి ఫ్యాఫ్సా మూడు వారాలు ఎవరిదో తెలియకుండా పడి ఉంది. వేసవిలోనే కార్డు బయటికి తీసి పక్కన పెట్టుకోండి.

హైదరాబాద్ ప్లాటు లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. ఈ ప్రశ్న దగ్గర చాలా ఇళ్లలో నిశ్శబ్దం ఆవరిస్తుంది కనుక వివరంగా చెప్పుకుందాం. ఫ్యాఫ్సా నింపాక స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అని ఒక అంకె వస్తుంది. ఇదివరకు దీన్ని ఈఎఫ్‌సీ అనేవారు. ఈ కుటుంబం ఎంత పెట్టుకోగలదు అన్నదానికి ప్రభుత్వం వేసే అంచనా అనుకోండి. ఇది ప్రధానంగా ఆదాయం మీద నడుస్తుంది. తర్వాత ఆస్తులు. ఉంటున్న ఇల్లు, 401కె లాంటి రిటైర్మెంట్ ఖాతాలు ఫ్యాఫ్సా అడగదు. బ్యాంకులో డబ్బు, షేర్లు, చదువు కోసం దాచుకునే 529 ప్లాన్, అద్దెకిచ్చిన ఇల్లు అడుగుతుంది. ఇండియాలో ఉన్న ఫ్లాటు, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా అందులోవే. వాటి ఇవాళ్టి విలువలో అప్పు తీసేసి మిగిలింది రాయాలి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే మన వాటా మాత్రమే.

తల్లిదండ్రుల ఆస్తి మొత్తం లాగేసుకుంటారన్న భయం అక్కర్లేదు. ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం లెక్కిస్తారు. 2 లక్షల డాలర్ల ప్లాటు ఉంటే ఆ అంకెకి ఏడాదికి 11,280 డాలర్ల దాకా కలుస్తుంది. తక్కువేం కాదు, కానీ ఎయిడ్ మొత్తం పోదు. పిల్లల పేరు మీద ఉన్న డబ్బుకి మాత్రం 20 శాతం. పుట్టినరోజులకి తాతయ్యలు, మామయ్యలు ఇచ్చింది పిల్లాడి పేరిట కస్టోడియల్ ఖాతాలో 20,000 పోగైతే, దాని మీద 4,000 లెక్కిస్తారు. అదే డబ్బు తల్లిదండ్రులు తెరిచిన 529లో ఉంటే దాదాపు 1,130.

"ఇండియాలో ఉన్నది వాళ్లకెలా తెలుస్తుందండీ, రాయకండి" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కొందరు దానికి ఫీజు కూడా తీసుకుంటున్నారు. తప్పుడు సమాచారం ఇస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు అని ఆ ఫారం మీదే రాసి ఉంటుంది. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఫైళ్లు నడుస్తున్న కుటుంబాలు అబద్ధపు సంతకం పెట్టడం ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు. పిల్లాడి చదువు అబద్ధం మీద మొదలవకూడదు అన్నది నా మాట, అంతకన్నా ముందు.

ఇండియాలో అమ్మానాన్నలకు నెలనెలా పంపే డబ్బు ఫ్యాఫ్సా లెక్కలోకి తీసుకోదు. వాళ్లు మనతో ఒకే ఇంట్లో ఉండి, సగానికి పైగా ఖర్చు మనమే పెడుతుంటేనే కుటుంబ సంఖ్యలో కలపొచ్చు. నాన్నగారి గుండె ఆపరేషన్‌కి పంపిన డబ్బు లాంటివి కాలేజీకి విడిగా చెప్పుకోవాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

రెండో ఫారం, అసలు తేడా

ఫ్యాఫ్సా ఒకే లెక్క చెబితే మరి కాలేజీ కాలేజీకి ధర ఎందుకు మారుతుంది? ఎందుకంటే ఫెడరల్ డబ్బుకే ఫ్యాఫ్సా లెక్క. తమ సొంత ఖజానా నుంచి పెద్ద గ్రాంట్లిచ్చే కాలేజీలు దాంతో తృప్తిపడవు. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ నడిపే సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం అడుగుతాయి. ఇది ఎక్కువగా ప్రైవేటు కాలేజీల వ్యవహారం. అక్టోబర్ 1న తెరుస్తారు. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికీ 16. అమెరికాలో చదివే పిల్లల కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే ఉచితం. ప్రశ్నలు చాలా ఎక్కువ. ఉంటున్న ఇంటి విలువ ఎంత, ఎంత అప్పు మిగిలింది, వ్యాపారం ఏమైనా ఉందా, రిటైర్మెంట్ ఖాతాలో ఎంత ఉంది, విడిపోయిన రెండో పేరెంట్ ఆదాయం ఎంత అని కూడా చాలా కాలేజీలు అడుగుతాయి.

ఒక్క ఇంటి విషయమే తీసుకోండి. పదిహేనేళ్ల క్రితం ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో కొన్న ఇల్లు ఇప్పుడు రెట్టింపైంది. అప్పు పోను ఇంట్లో 4 లక్షల డాలర్లు ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. ఫ్యాఫ్సాకి అది లేనట్టే. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ కూడా ఇంటిని లెక్కించవు. కొన్ని కాలేజీలు ఆదాయానికి ఇన్ని రెట్ల వరకే అని హద్దు పెట్టి లెక్కిస్తాయి. కొన్ని మొత్తం లెక్కిస్తాయి. అదే ఆదాయం, అదే ఇల్లు, అదే పిల్లాడు, అయినా ఒక కాలేజీకి ఏడాదికి వేల డాలర్లు ఎక్కువ. మాకు ఏప్రిల్‌లో తగిలిన దెబ్బ సరిగ్గా ఇక్కడే.

ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉండే ఇళ్లకు ఇంకో తేడా. పాత ఫ్యాఫ్సాలో కుటుంబం పెట్టుకోవాల్సిన మొత్తాన్ని ఇద్దరికీ పంచేవారు. 2024-25 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. కవల పిల్లలున్న నా స్నేహితురాలు ఆ ఏడాది పడ్డ బాధ నేను దగ్గరుండి చూశాను. ప్రొఫైల్ అడిగే చాలా కాలేజీలు మాత్రం ఇప్పటికీ రెండో బిడ్డ కాలేజీలో ఉన్నట్టయితే గ్రాంట్ పెంచుతాయి. కాబట్టి అన్నాచెల్లెళ్లు వెంట వెంట ఉన్న ఇంట్లో ఈ ప్రశ్న తప్పక అడగాలి.

ప్రభుత్వ యూనివర్సిటీల సంగతి వేరు. సొంత రాష్ట్రమైతే ఫీజే తక్కువ. వేరే రాష్ట్రమైతే పరిస్థితి తలకిందులు. కాలిఫోర్నియా బయటి పిల్లలు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లైన బర్క్‌లీకో, యూసీఎల్ఏకో వెళితే మామూలు ఫీజు మీద 37 వేల డాలర్లకు పైగా అదనం, దాని మీద యూనివర్సిటీ తన సొంత నీడ్ గ్రాంట్ ఇవ్వదు. టెక్సాస్‌లో ఉంటూ జాబితాలో నాలుగు యూసీలు రాసుకునే పిల్లల్ని చూస్తే ఆగి ఒక మాట చెప్పాలనిపిస్తుంది. జార్జియాలో ఉన్నవాళ్లకు హోప్, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌లు, ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ సొంత రాష్ట్రంలో చదివితేనే వస్తాయి. వాటిని వదులుకుని బయటికి వెళితే ఆ మొత్తం కూడా ఖర్చు కిందే రాసుకోవాలి.

జాబితా రాసేటప్పుడే అంకె రాయాలి

మరి ఏప్రిల్ దాకా ఆగకుండా ముందే తెలిసే దారి ఉందా? ఉంది, ఉచితంగానే. ఫెడరల్ ఎయిడ్ తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టాలని చట్టం ఉంది. 2011 నుంచి అమల్లో ఉంది. మన ఆదాయం, ఆస్తి, ఇంటి వివరాలు ఇస్తే గ్రాంట్ పోను ఎంత కట్టాలో ఒక అంచనా చెబుతుంది. ఖచ్చితమైనది కాదు. వ్యాపారం ఉన్నవాళ్లకు, అద్దె ఆస్తులున్నవాళ్లకు, విడాకులు తీసుకున్నవాళ్లకు బాగా తప్పొచ్చు. నాలుగు ప్రశ్నలడిగి ఊరుకునే కాలిక్యులేటర్ కన్నా నలభై అడిగేదాన్ని ఎక్కువ నమ్మొచ్చు. ఇంటి విలువ అడుగుతోందంటే ఆ కాలేజీ ఇంటిని లెక్కించొచ్చని కూడా అర్థమవుతుంది.

దీన్ని పిల్లలతో కలిసి చేయండి. మన ఇళ్లలో జీతమెంతో పిల్లలకు చెప్పం. అప్పులెంతో అసలే చెప్పం. "నువ్వు చదువు, డబ్బు సంగతి మేం చూసుకుంటాం" అనడం ప్రేమ అనుకుంటాం. నేనూ అలాగే అన్నాను. చివరికి సీటొచ్చిన సంబరం మీద నీళ్లు చల్లింది ఆ మాటే. ఆగస్టులో "ఈ కాలేజీ మనకు ఏడాదికి ఇంత అవుతుందట, మనం పెట్టగలిగింది ఇంత" అని చెబితే పదిహేడేళ్ల పిల్లలకు బాగానే అర్థమవుతుంది. కొన్ని పేర్లు వాళ్లే కొట్టేస్తారు. కొన్ని మెరిట్ వస్తేనే అని పక్కన రాసుకుంటారు. ఏప్రిల్‌లో ఏడ్చే ఏడుపు కన్నా అది చాలా నయం.

ఎర్లీ డెసిషన్ గురించి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. అలా దరఖాస్తు పెట్టి సీటొస్తే ఆ కాలేజీలోనే చేరతామని మాట ఇచ్చినట్టు. మిగతా దరఖాస్తులు వెనక్కి తీసుకోవాలి. ఎయిడ్ చాలకపోతే వదిలేయమని అడగొచ్చు, చాలా కాలేజీలు ఒప్పుకుంటాయి. కానీ చేతిలో ఇంకో కాలేజీ ఉత్తరం లేకుండా అది ఎక్కువా తక్కువా అన్నది తేల్చుకోవాల్సి వస్తుంది. పది కాలేజీల ధరలు పోల్చుకుని నిర్ణయించాల్సిన కుటుంబానికి ఇది సరిపడదని నా అభిప్రాయం. కాలిక్యులేటర్ అంకె నిశ్చింతగా కట్టగలిగేదైతేనే ఆ దారి. ఎర్లీ యాక్షన్‌కి ఈ చిక్కు లేదు, మాట ఇవ్వక్కర్లేదు.

గడువులు కాలేజీకొకటి. ఎర్లీగా పెట్టినవాళ్లకు ప్రొఫైల్ నవంబర్‌లోనే అడగొచ్చు. రాష్ట్రాలవి వేరే, కాలిఫోర్నియాది సాధారణంగా మార్చి 2. ఫారాలు పంపడంతో పని అయిపోదు. కొన్ని కాలేజీలు ట్యాక్స్ రిటర్న్, జీతం వివరాలుండే డబ్ల్యూ-2 కాగితాలు ఐడాక్ అనే చోట అప్‌లోడ్ చేయమంటాయి. ఆ సమాచారం తల్లిదండ్రులకు రాదు, విద్యార్థి ఈమెయిల్‌కీ, కాలేజీ పోర్టల్‌కీ వస్తుంది. పిల్లలు ఈమెయిల్ చూడరు. మా వాడి దాంట్లో "ఒక కాగితం తక్కువైంది" అని వచ్చిన మెయిల్ ఐదు వారాలు అలాగే ఉంది. ఈసారి ప్రతి ఆదివారం పొద్దున మా అమ్మాయి, నేను కలిసి అన్ని పోర్టళ్లూ తెరిచి చూస్తున్నాం. అరగంట పని.

ఉత్తరాలు పక్కపక్కన పెట్టినప్పుడు

మార్చి చివర, ఏప్రిల్ మొదట ఎయిడ్ ఉత్తరాలొస్తాయి. ఏ రెండూ ఒకే తీరులో ఉండవు. కాలేజీల్లో 91 శాతం కుటుంబం నిజంగా కట్టాల్సిన మొత్తాన్ని చెప్పడం లేదు లేదా తక్కువ చేసి చూపిస్తున్నాయని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో 2022లో తేల్చింది. ఊరికే అన్న మాట కాదు అది. ఒక ఉదాహరణ వేసుకుందాం.

మొదటి కాలేజీ మొత్తం ఖర్చు ఏడాదికి 88,000. గ్రాంట్ 30,000. దాని కింద ఫెడరల్ లోన్ 5,500, వర్క్ స్టడీ 3,000, తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే ఫెడరల్ పేరెంట్ ప్లస్ లోన్ 20,000 అని రాసి, "మీరు కట్టాల్సింది 29,500" అని వేశారు. రెండో కాలేజీ ఖర్చు 52,000. స్కాలర్‌షిప్ 14,000, ఫెడరల్ లోన్ 5,500. "మీరు కట్టాల్సింది 32,500." పైపైన చూస్తే మొదటిదే చవక. కానీ లోన్ మనం తీర్చేదే, దాన్ని ఎయిడ్ అనకూడదు. వర్క్ స్టడీ అంటే పిల్లాడు క్యాంపస్‌లో పనిచేస్తే నెలనెలా వచ్చే జీతం, సెమిస్టర్ మొదట్లో ఫీజు కట్టడానికి చేతిలో ఉండదు. అవి తీసేసి గ్రాంట్ మాత్రమే చూడండి. మొదటిది 58,000. రెండోది 38,000. ఏడాదికి 20,000, నాలుగేళ్లకు 80,000 తేడా. అంత తేడా ఉన్న కాలేజీయే కాగితం మీద చవకగా కనబడింది.

ఆ పేరెంట్ ప్లస్ లోన్‌కి ఇప్పుడు హద్దు కూడా పడింది. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక్కో బిడ్డ మీద ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్లే. పై ఉదాహరణలో మూడేళ్లకే 60,000 అయిపోతుంది. నాలుగో ఏడు 5,000 మాత్రమే మిగిలి, మిగతా 15,000 ఎక్కడి నుంచి తేవాలన్నది అప్పుడు వచ్చే టెన్షన్. మొదటి ఏడాది ఉత్తరం చూసి సంతకం పెట్టేవాళ్లు నాలుగేళ్ల లెక్క వేయాల్సింది ఇందుకే. పిల్లాడి పేరు మీద ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత 7,500. అది ఆదాయం ఎంతున్నా వస్తుంది కాబట్టి "రాదులెండి" అనేవాళ్లు కూడా ఫ్యాఫ్సా నింపి పెట్టుకోవాలి.

స్కాలర్‌షిప్ అయితే ఉత్తరం వెనక పేజీ చదవండి. నాలుగేళ్లూ వస్తుందా? ఎంత జీపీఏ (మార్కుల సగటు) నిలబెట్టాలి? హైస్కూల్లో 4.0 తెచ్చిన పిల్లలు ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో 3.2కి జారడం వింతేమీ కాదు. తెలుగు సంఘాలో, కంపెనీలో ఇచ్చే బయటి స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ ఆ మేరకు తన గ్రాంట్ తగ్గిస్తుందా అన్నది కూడా అడగాలి. చాలా కాలేజీలు తగ్గిస్తాయి. మేరీలాండ్ 2017లో ప్రభుత్వ కాలేజీల్లో దీన్ని అడ్డుకుంటూ మొదటిసారి చట్టం చేసింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు చేశాయి.

వచ్చిన అంకె ఆఖరి మాట కాదు. రెండేళ్ల నాటి ట్యాక్స్ మీద లెక్క వేశారు కదా, ఈలోగా ఉద్యోగం పోయి ఉండొచ్చు. హెచ్-1బీ మీద లేఆఫ్ అయి, 60 రోజుల్లో వేరే పని వెతుక్కుని తక్కువ జీతానికి చేరిన కుటుంబాలు మన చుట్టూ ఎన్ని లేవు? ఇలాంటప్పుడు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి లెక్క మార్చే అధికారం చట్టమే ఇచ్చింది. దాన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు. లేఆఫ్ లెటర్, కొత్త పే స్టబ్, ఆస్పత్రి బిల్లులు, ఇండియాలో పెద్దవాళ్ల వైద్యానికి పంపిన డబ్బు రసీదులు జతచేసి ఒక పేజీ ఉత్తరం రాయాలి. ప్రొఫైల్‌లో అయితే ప్రత్యేక పరిస్థితులు రాసే చోటు ముందే ఉంటుంది, అక్కడ రాస్తే ఇంకా మంచిది. అలాంటి ఇంకో కాలేజీ ఎక్కువ గ్రాంట్ ఇస్తే ఆ ఉత్తరం కూడా పంపొచ్చు. సాటి కాలేజీ అయితేనే దానికి విలువ. మన ఇళ్లలో డబ్బు తగ్గించమని అడగడానికి మొహమాటపడతాం. మావారు రెండు రోజులు ఫోన్ పట్టుకుని తిరిగి, చివరికి నన్నే చేయమన్నారు. అవతలి ఆవిడ ఓపిగ్గా విని, ఏ కాగితాలు పంపాలో చెప్పింది. తొమ్మిది రోజుల తర్వాత మొత్తం కాకపోయినా కొంత గ్రాంట్ పెంచారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, అది వాళ్ల రోజువారీ పని. అడగాల్సింది మే 1 లోపు, సీటు ఖాయం చేసుకునే ముందు.

చేరాక కూడా ఈ పని ఏటా ఉంటుంది. ఫ్యాఫ్సా ప్రతి సంవత్సరం కొత్తగా నింపాలి, ప్రొఫైల్ కూడా చాలాచోట్ల అంతే. మా వాడిది రెన్యూవల్, మా అమ్మాయిది మొదటిసారి. ఈ అక్టోబర్‌లో మా డైనింగ్ టేబుల్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు ఉంటాయి. అమ్మాయి కాగితం మీద ఇప్పటికి ఏడు పేర్లున్నాయి, ఐదింటి పక్కన అంకె రాసి ఉంది. మిగతా రెండింటికి వచ్చే శనివారం కూర్చుంటాం.